రిమోట్ నీళ్లలో మునిగింది, కారు తెరుచుకోవడం లేదు, శ్రీశైలంలో ఉన్నాం

మియాపూర్_మూర్తి · సాయంత్రం 4:48
తెలిసినవారు త్వరగా చెప్పండి, ఫోనులో 31 శాతమే ఛార్జింగ్ ఉంది. పొద్దున రోప్‌వేలో పాతాళగంగకు దిగి స్నానం చేశాం. కారు రిమోట్ నిక్కరు జేబులోనే ఉందన్న సంగతి మరిచిపోయాను. నేను మూడు మునకలు వేస్తే అదీ మూడు మునకలు వేసింది. దర్శనం, భోజనం అయ్యాక సత్రం ముందున్న కారు దగ్గరకు వచ్చి నొక్కితే ఉలుకు లేదు, పలుకు లేదు. రిమోట్ మీద ఎర్రలైటు కూడా వెలగడం లేదు.

2019 మోడల్, బటన్ నొక్కితే స్టార్ట్ అయ్యే రకం. తలుపుకు తాళం చెవి పెట్టే రంధ్రమే లేదు, నాలుగు తలుపులూ చూశాను. రెండో రిమోట్ మియాపూర్‌లో బీరువాలో ఉంది. నాన్నగారి బీపీ మాత్రలు, అమ్మ కళ్లజోడు, సామానంతా కారులోనే. రాత్రి 9 దాటితే దోమలపెంట దగ్గర అడవి దారి మూసేస్తారు. పక్కన ఒక పెద్దమనిషి అద్దం పగలగొడితే సరిపోతుందని రాయి పట్టుకుని నిలబడ్డాడు.

నల్లబానెట్ · 4:50
ముందు ఆ రాయి కింద పెట్టించండి.

తర్వాత రిమోట్‌ను తిప్పి చూడండి. అంచునో వెనుకనో చిన్న మీట ఉంటుంది. గోరుతో దాన్ని జరిపి, తాళాల రింగు ఉన్న వైపు లాగితే లోపలి నుంచి ఉక్కు తాళం చెవి వస్తుంది.

లక్కీసెల్లు · 4:51
రిమోట్‌కు కూడా పుణ్యస్నానం చేయించిన భక్తుణ్ణి ఇప్పుడే చూస్తున్నాను.

కొత్తపేట_కోటి · 4:52
బియ్యంలో పెట్టండి. మా ఆవిడ ఫోను బకెట్లో పడితే ఒక రాత్రంతా బియ్యం డబ్బాలో పెట్టాం, పొద్దునకు బతికింది.

నల్లబానెట్ · 4:53
ఆయన అడిగింది రాత్రి 9 లోపు సంగతి కోటిగారూ.

మియాపూర్_మూర్తి · 4:56
తాళం చెవి వచ్చింది! ఆరేళ్లుగా దీన్ని జేబులో మోస్తున్నాను, లోపల ఇంకో తాళం ఉందని ఈరోజే తెలిసింది. కానీ దీన్ని ఎక్కడ పెట్టాలి? రంధ్రం లేదని చెప్పాను కదా.

నల్లబానెట్ · 4:59
ఉంది, దాచారు. డ్రైవరు వైపు హ్యాండిల్ చూడండి. ఒక చివర వేలెడంత ముక్క విడిగా అతికించినట్టు కనిపిస్తుంది. దాని అడుగున సన్నని గాడి ఉంటుంది. ఒక చేత్తో హ్యాండిల్ లాగి పట్టుకుని, తాళం చెవి మొనను ఆ గాడిలో పెట్టి మెల్లగా పైకి ఎత్తండి. అది ప్లాస్టిక్ మూత, ఊడుతుంది. రంధ్రం దాని వెనుక ఉంటుంది. పెయింటు గీసుకోకుండా జేబురుమాలు అడ్డం పెట్టుకోండి. కొన్ని కార్లకు మూత ఉండదు, రంధ్రం హ్యాండిల్ అడుగున నేల వైపు తిరిగి ఉంటుంది. వంగి చూస్తే తప్ప కనిపించదు.

ఇంకో సంగతి ముందే చెబుతున్నాను. తలుపు తెరవగానే సైరన్ మోగుతుంది. రిమోట్‌తో వేసిన తాళాన్ని ఇనుప చెవితో తీశారు కనుక మీరు దొంగ అని కారు అనుకుంటుంది. కంగారు పడవద్దు. స్టార్ట్ చేస్తే ఆగిపోతుంది.

పాత800 · 5:01
1992లో కొన్న మారుతి 800 ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. తాళం చెవి పెట్టి తిప్పితే తెరుచుకుంటుంది. గంగలో ముంచినా తిరుగుతుంది, గోదావరిలో ముంచినా తిరుగుతుంది. మీకు ఈ బటన్లు ఎవరు అమ్మారో వారిని అడగండి.

లక్కీసెల్లు · 5:02
సరిగ్గా పదమూడు నిమిషాలు పట్టింది, 800 గారు రావడానికి. నేను పదే అనుకున్నాను.

మియాపూర్_మూర్తి · 5:11
మూత ఊడింది, తలుపు తెరుచుకుంది, సైరన్ మోగుతోంది. సత్రంలో ఉన్నవాళ్లందరూ బయటికి వచ్చారు. రాయి పట్టుకున్న పెద్దమనిషి ఇప్పుడు నన్నే అనుమానంగా చూస్తున్నాడు. మాత్రలు, కళ్లజోడు తీసి అమ్మకు ఇచ్చాను. స్టార్ట్ బటన్ నొక్కితే తెర మీద తాళం బొమ్మ వచ్చి పోతోంది, ఇంజను మాత్రం కదలడం లేదు.

నల్లబానెట్ · 5:12
రిమోట్‌నే స్టార్ట్ బటన్‌కు ఆనించండి. క్లచ్ తొక్కి, ఆటోమేటిక్ అయితే బ్రేకు తొక్కి, వేలికి బదులు రిమోట్‌తోనే బటన్ నొక్కండి.

మియాపూర్_మూర్తి · 5:16
నొక్కాను. లాభం లేదు. సైరన్ ఆగి ఆగి మళ్లీ మోగుతోంది. ఒక కానిస్టేబులుగారు వచ్చారు, ఆర్‌సీ అడుగుతున్నారు.

తాళాల_తాత · 5:17
ఆర్‌సీ కాగితం కోసం వెతకవద్దు, డిజిలాకర్‌లో చూపించండి, సరిపోతుంది. వరంగల్‌లో ముప్ఫై ఏళ్లుగా తాళాలు చేస్తున్నాను. కారు ఎవరిదో తేలకుండా నేను కూడా చేయి పెట్టను. ఆయన అడిగింది న్యాయమే.

సర్క్యూట్_సుధ · 5:19
మూర్తిగారూ, రిమోట్‌ను ఎండబెట్టడానికి విప్పారా? లోపలి పచ్చ పలక ఇప్పుడు ఎక్కడుంది?

మియాపూర్_మూర్తి · 5:23
అవునండీ, మధ్యాహ్నమే విప్పాను. పలక, సెల్లు రెండూ అమ్మ ఒడిలో జేబురుమాలు మీద ఆరుతున్నాయి. పైచిప్ప మూసి జేబులో పెట్టుకున్నాను.

లక్కీసెల్లు · 5:23
అంటే ఇందాకటి నుంచి ఖాళీ డొల్లతో స్టార్ట్ చేస్తున్నారా?

సర్క్యూట్_సుధ · 5:26
నవ్వకండి, చాలామంది చేసే పొరపాటే ఇది. కారు గుర్తుపట్టేది ప్లాస్టిక్ డొల్లను కాదు, ఆ పలక మీద ఉన్న చిప్పును. పలకను డొల్లలో పెట్టండి, సెల్లు లేకపోయినా పరవాలేదు. తడిగా అనిపిస్తే మాత్రం సెల్లు అసలే వద్దు. బ్రాండు గుర్తు ఉన్న వైపు ఒకసారి, రెండో వైపు ఒకసారి ఆనించి చూడండి. రిమోట్‌కు ఇంకో తాళమో ఫోనో అంటుకుని ఉండకూడదు.

మియాపూర్_మూర్తి · 5:34
స్టార్ట్ అయింది! సైరన్ ఆగింది! సుధగారికీ నల్లబానెట్‌గారికీ దండాలు. కానిస్టేబులుగారు ఆర్‌సీ చూసి నవ్వి వెళ్లిపోయారు. ఆయన కారుదీ బటన్ రకమేనట, లోపలి తాళం చెవి ఎక్కడుంటుందో నన్ను అడిగి తెలుసుకున్నారు.

సెల్లు లేకుండా ఎలా స్టార్ట్ అయిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

నల్లబానెట్ · 5:36
అర్థం చేసుకోవడానికి ఇల్లు చేరాక బోలెడు సమయం ఉంటుంది. ముందు బయలుదేరండి. అడవిలో ఇంజను ఆపవద్దు. ఆపినా చిప్పు పని చేస్తోంది కనుక మళ్లీ స్టార్ట్ అవుతుంది, కానీ మన్ననూరు దాటేవరకు ఫోనుకు సిగ్నల్ దొరకడం కష్టం. ఫరహాబాద్ దగ్గర దిగి ఫోటోలు తీసుకోవాలన్న ముచ్చట ఈసారికి మానుకోండి. నడుస్తుండగా 'తాళం కనిపించడం లేదు' అని తెర మీద వస్తే బెదిరిపోవద్దు, నడుస్తున్న ఇంజను దానంతట అది ఆగదు.

మియాపూర్_మూర్తి · 5:38
అమ్మానాన్నలకు టీ తాగించి ఆరున్నరకు బయలుదేరతాం. మా బావమరిది రెండో రిమోట్ తీసుకుని మన్ననూరు వరకు ఎదురు వస్తానన్నాడు. బీరువా తాళం దొరకక వెతుకుతున్నాడట. ఇక వద్దని చెప్పేశాను.

పాత800 · 5:45
ఆ చిప్పు సంగతి నాకూ చెప్పండి సుధగారూ. వెక్కిరింత కాదు, నిజంగానే అడుగుతున్నాను.

సర్క్యూట్_సుధ · 6:10
ఒకే డొల్లలో రెండు వేర్వేరు పనివాళ్లు కాపురం ఉంటారని అనుకోండి. మొదటివాడు రేడియోవాడు. బటన్ నొక్కితే తలుపు తెరవమని కారుకు కబురు పంపేది వీడే. మన దేశంలో ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ దగ్గర పంపుతాడు. వీడికి సెల్లు ఉండాలి, లేకపోతే నోరు పెగలదు. జేబులో రిమోట్ ఉండగానే తలుపు తెరుచుకుంటుంది చూశారా, అక్కడ బదులు పలికేదీ వీడే.

రెండోవాడు ఇమ్మొబిలైజర్ చిప్పు, అంటే అసలు తాళం దగ్గర లేకపోతే ఇంజను స్టార్ట్ కానివ్వని కాపలాదారు గుర్తుపట్టే చిప్పు. వీడికి సెల్లుతో పని లేదు. స్టార్ట్ బటన్ చుట్టూ ఒక రాగి చుట్ట ఉంటుంది. దాని నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రంతోనే చిప్పు మేల్కొని తన సంఖ్య చెబుతుంది. మామూలుగా 125 కిలోహెర్ట్జ్ దగ్గర. అందుకే రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో ఉంటే తప్ప పని చేయదు, ఆనించాలి. మెట్రో కార్డుకు సెల్లు లేకపోయినా గేటు తెరుచుకుంటుంది కదా, అలాంటిదే.

కొన్ని కార్లలో ఆ చుట్ట బటన్ దగ్గర కాకుండా కప్పు పెట్టుకునే గుంటలోనో, గేరు వెనుక అరలోనో, స్టీరింగ్ పక్కనో ఉంటుంది. మీ కారులో ఎక్కడుందో కారుతో వచ్చిన పుస్తకంలో ఒక పేజీ ఉంటుంది. ఆ పేజీని ఫోటో తీసి ఫోనులో పెట్టుకోండి. పుస్తకం కారులో ఉండి, మనం బయట ఉంటే ఏం లాభం!

పాత800 · 6:18
బాగా చెప్పారు. అయినా మా 800కు ఈ తంటాలు లేవు.

తాళాల_తాత · 6:25
తంటాలు లేవు, నిజమే. దొంగకు కూడా లేవు. ఆ రోజుల్లో ఇనుప స్కేలుతో నేనే ఎన్ని తలుపులు తీశానో లెక్క లేదు, యజమాని పక్కన ఉండగానే లెండి. బాగా అరిగిపోయిన తాళాలైతే ఒకరి చెవి ఇంకొకరి కారుకు పట్టేది.

పాత800 · 6:31
1996లో హనుమకొండలో పెళ్లికి వెళ్లి, తిరుగు ప్రయాణంలో తెల్ల 800 తలుపు తెరిచి కూర్చున్నాను. వెనుక సీటులో ఎవరిదో సారె బుట్ట. నా కారు పక్క వరుసలో ఉంది. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

లక్కీసెల్లు · 6:32
బుట్టలో అరిసెలు ఉన్నాయా?

పాత800 · 6:33
ఉన్నాయి. ముట్టలేదు.

సర్క్యూట్_సుధ · 6:40
యూరప్‌లో 1998 నుంచి కొత్త కార్లకు ఇమ్మొబిలైజర్ తప్పనిసరి చేసింది అందుకే. తలుపు తెరిచినంత మాత్రాన బండి కదలకూడదని.

రాజమండ్రి_రవ్వలడ్డు · 7:05
నా కథ వేరు. మూడు వారాలు ఊరికి వెళ్తూ కారును స్టేషన్ దగ్గర పెట్టాను. తిరిగి వచ్చేసరికి రిమోట్ పని చేయలేదు. సెల్లు అయిపోయిందని పక్క వాచీల దుకాణంలో కొత్తది వేయించాను. అయినా లేదు. సెల్లు నకిలీదని దుకాణదారుతో గొడవ పెట్టుకుని ఇంకోటి వేయించాను. అయినా లేదు. చివరికి తేలింది ఏమిటంటే, చచ్చిపోయింది కారు పెద్ద బ్యాటరీ. దుకాణదారుకు క్షమాపణ చెప్పి ఒక గోడ గడియారం కొనుక్కుని వచ్చాను.

నల్లబానెట్ · 7:12
ఇది అందరూ గమనించాల్సింది. రిమోట్ మీద లైటు వెలుగుతూ ఉండి కారు మాత్రం పలకడం లేదంటే తప్పు రిమోట్‌ది కాకపోవచ్చు, కారు బ్యాటరీది కావచ్చు. లైటే వెలగకపోతే రిమోట్ సెల్లు.

కారు బ్యాటరీ పోయినా లోపలి ఉక్కు తాళం చెవితో డ్రైవరు తలుపు తెరుచుకుంటుంది. బానెట్ ఎత్తి వేరే బండి నుంచి కరెంటు ఇప్పించుకోవాలి. ముందు ఎర్ర తీగ మన బ్యాటరీ ప్లస్‌కు, దాని రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కు. తర్వాత నల్ల తీగ మంచి బ్యాటరీ మైనస్‌కు, చివరి కొస మాత్రం మన బ్యాటరీకి కాదు, మన ఇంజను మీద పెయింటు లేని ఇనుము ముక్కకు. నిప్పురవ్వ వచ్చినా బ్యాటరీకి దూరంగా వస్తుందని అలా. తీసేటప్పుడు సరిగ్గా వెనక్కి. కొందరు రెండు తీగలూ ఒకేసారి తగిలించి చూస్తారు. అలాంటివాళ్ల కార్ల వల్లే మా షెడ్డు నడుస్తోంది.

కొత్తపేట_కోటి · 7:20
నేను మళ్లీ తప్పు మాట్లాడతానేమో గానీ, మాది మామూలు రిమోట్ తాళం, బటన్ స్టార్ట్ కాదు. రైతు బజారులో డిక్కీ మాత్రం తెరిచి ఉల్లిపాయల సంచి పెట్టాను. చేతులు ఖాళీ లేక తాళం కూడా సంచి మీద పెట్టి, డిక్కీ ధడాలున మూశాను. నాలుగు తలుపులూ మూసే ఉన్నాయి. రెండో తాళం కోసం మా ఆవిడకు ఫోను చేస్తే, నిన్నే పది కిలోలు వచ్చాయి కదా, మళ్లీ ఉల్లిపాయలు ఎందుకు కొన్నారని అడిగింది. తాళం సంగతి చెప్పడానికి పావుగంట పట్టింది.

లక్కీసెల్లు · 7:22
కోటిగారూ, ఈ వేదికలో మీరు రాసినవాటిలో ఇది ఉత్తమం.

బెజవాడ_ఎండ · 7:40
ఇక్కడందరూ నవ్వుతున్నారు, నేను మాత్రం ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ వణికిపోతాను. మే నెల, మధ్యాహ్నం ఒంటిగంట, బెంజ్ సర్కిల్ దగ్గర. రెండేళ్ల పాపను వెనుక సీటులో కూర్చోబెట్టి, ఆడుకోమని తాళం చేతికి ఇచ్చి, తలుపు వేసి అటువైపు తిరిగాను. అంతలో పాప బటన్ నొక్కేసింది. నాలుగు తలుపులూ పడిపోయాయి. నొక్కమంటే నవ్వుతుంది, తాళం నోట్లో పెట్టుకుంటుంది. ఇంటికి ఫోను చేసి రెండో తాళం తెప్పిద్దామని ఐదు నిమిషాలు వృథా చేశాను. పాప ముఖం ఎర్రబడింది. ఒక ఆటో డ్రైవరు ఇక ఆగలేదు, జాకీ రాడ్డుతో ముందు సీటు పక్క అద్దం పగలగొట్టి తాళం తీశాడు. ఆ అబ్బాయి పేరు కూడా అడగలేదు.

లోపల పిల్లలు ఉంటే రెండో తాళం, షోరూము, తాళాల మనిషి ఇవేవీ వద్దు. 112కు ఫోను చేస్తూనే అద్దం పగలగొట్టండి.

నల్లబానెట్ · 7:48
అమ్మా, మీరన్నది నూటికి నూరు పాళ్లు నిజం. ఇందాక మూర్తిగారిని రాయి కింద పెట్టమన్నది లోపల ఎవరూ లేరు కనుకే. ఎండలో మూసిన కారులో పది నిమిషాల్లోనే బయటికన్నా దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది. బయట 42 ఉంటే లోపల 50 దాటుతుంది. అద్దం కొద్దిగా దించి ఉంచితే సరిపోతుందనుకోవడం భ్రమ.

పగలగొట్టేటప్పుడు పిల్లలకు అన్నిటికన్నా దూరంగా ఉన్న పక్క అద్దాన్ని చూసుకోండి. మధ్యలో కాదు, మూలన కొట్టాలి. పక్క అద్దాలు సాధారణంగా గట్టిపరిచిన గాజువి, పలుకులు పలుకులుగా రాలిపోతాయి. ముందు అద్దం జోలికి పోవద్దు. అది రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించింది, బీటలు వారుతుంది గానీ ఊడదు.

కొత్తపేట_కోటి · 7:53
సీటు తలదిండును ఊడదీసి దాని కడ్డీతో పగలగొట్టవచ్చట కదా, అందుకే అది ఊడేలా తయారు చేశారట.

లక్కీసెల్లు · 7:54
తలదిండు కారు లోపల ఉంటుంది కోటిగారూ. మనం బయట ఉన్నాం.

కొత్తపేట_కోటి · 7:55
ఔను కదా.

నల్లబానెట్ · 7:58
అందుకే చేశారన్నది వట్టి మాట. లోపల ఇరుక్కుంటే దానితో పగలగొట్టవచ్చు, అంతవరకు నిజం.

సర్క్యూట్_సుధ · 8:05
ఎండగారూ, పాప తాళం నోట్లో పెట్టుకుందన్నారు, అదీ చిన్న విషయం కాదు. రిమోట్‌లో ఉండే గుండ్రటి లిథియం సెల్లును పిల్లలు మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. మింగారని అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. అరటిపండు పెట్టి చూద్దామని ఇంట్లో కూర్చోవద్దు.

నిర్వాహకుడు · 8:15
తలుపు సందులో గాలి సంచి పెట్టి ఇనుప కడ్డీతో తాళం తీసే విధానాన్ని బొమ్మలతో సహా రాసిన పోస్టును తొలగించాను. రాసినవారు మంచి మనసుతోనే రాసి ఉంటారు, చదివేవారంతా అలాంటివారు కారు. ఉల్లిపాయల కథను తొలగించమని ఒకరు ఫిర్యాదు చేశారు, దాన్ని ఉంచుతున్నాను.

తాళాల_తాత · 8:30
మంచి పని చేశారు. అది ఎవరంటే వారు చేసేది కూడా కాదు. ఇప్పటి తలుపుల్లో వైర్లు ఉంటాయి, కొన్నిటిలో ఎయిర్‌బ్యాగు సెన్సరు ఉంటుంది. కడ్డీ పెట్టి గెలికితే తలుపు తెరుచుకుంటుంది, నెల తర్వాత అద్దం దిగడం మానేస్తుంది.

డాలస్_దుర్గ · 9:10
ఇక్కడ మాకు పొద్దున్నే. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టిపోయినప్పుడు ఇక్కడ మైనస్ 19 డిగ్రీల దాకా పడింది. తెనాలిలో పుట్టినదాన్ని, అంత చలి ఎన్నడూ చూడలేదు. రిమోట్ రాత్రంతా గ్యారేజీ గోడ మేకుకు వేలాడింది, పొద్దున నొక్కితే పలకలేదు. సెల్లు కొత్తదే. చలికి దాని సత్తువ పడిపోతుందట. అరచేతిలో పెట్టుకుని కోటు లోపల పది నిమిషాలు ఉంచాను, పలికింది. తలుపు మాత్రం అంచు రబ్బరు మంచుకు అతుక్కుపోయి రాలేదు. పక్కింటి కొత్త కుర్రాడు కేటిలుతో మరిగే నీళ్లు తెచ్చాడు. పోయనివ్వలేదు. అంత చల్లటి అద్దం మీద మరిగే నీళ్లు పడితే పగిలి ఊరుకుంటుంది.

పాత800 · 9:16
మా 800కు...

లక్కీసెల్లు · 9:16
తెనాలిలో మంచు పడదు సార్.

ఖమ్మం_కిరణ్ · 9:40
మా మూడేళ్లవాడు రిమోట్‌ను టీవీ రిమోట్ అనుకుని సాయంత్రమంతా నొక్కాడు. కారు కింద సెల్లార్‌లో, మేము నాలుగో అంతస్తులో. పొద్దున రిమోట్ మీద లైటు వెలుగుతోంది, కారు పలకడం లేదు. కారు బ్యాటరీ బాగానే ఉంది. నల్లబానెట్‌గారి సూత్రం ఇక్కడ తప్పింది కదా?

సర్క్యూట్_సుధ · 9:52
తప్పలేదు, ఆయన 'కావచ్చు' అన్నారు. మీది మూడో రకం. రిమోట్ ప్రతిసారీ కొత్త సంకేతం పంపుతుంది, దొంగ దాన్ని పట్టి దాచుకున్నా మళ్లీ పనికిరాకుండా. తర్వాత రావాల్సిన సంకేతం ఏదో కారు లెక్క పెట్టుకుని ఉంటుంది. దూరంగా ఉండి కొన్ని నొక్కులు నొక్కినా సర్దుకుపోతుంది. వందల నొక్కులు దాటితే లెక్క తప్పి, ఈ రిమోట్ ఎవరిదో తెలియదంటుంది. చాలా రకాల్లో కారు పక్కన నిలబడి వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే మళ్లీ కలుస్తుంది. కొన్నిటికి తాళం చెవితో తెరిచి ఒకసారి స్టార్ట్ చేయాలి.

ఖమ్మం_కిరణ్ · 10:04
చీకట్లో కిందికి వెళ్లి రెండుసార్లు నొక్కి వచ్చాను. కలిసింది!! రేపు షెడ్డుకు తీసుకువెళ్దామనుకున్నాను.

నల్లబానెట్ · 10:06
ఒక గిరాకీ పోయింది. పరవాలేదు.

మియాపూర్_మూర్తి · అర్ధరాత్రి 12:48
ఇల్లు చేరాం. ఏడుంబావుకు దోమలపెంట దాటాం. దారిలో తెర మీద 'తాళం కనిపించడం లేదు' అని పదకొండుసార్లు వచ్చింది, నాన్నగారు లెక్కపెట్టారు. మన్ననూరులో ఒకరు కారులో ఉండి మిగతావాళ్లం టీ తాగాం. మిగతాది రేపు రాస్తాను.

బీమా_బాబాయి · మర్నాడు ఉదయం 8:20
ఆలస్యంగా చూశాను. రెండు మాటలు. మీ పాలసీలో తాళం మార్పిడికి అదనపు రక్షణ తీసుకున్నారేమో చూడండి, చాలామంది డబ్బు కట్టి కూడా మరిచిపోతారు. నీళ్లలో పాడైన రిమోట్‌కు వర్తిస్తుందా లేదా అన్నది పాలసీని బట్టి ఉంటుంది, పోగొట్టుకున్నదానికే ఇచ్చేవి కూడా ఉన్నాయి.

రెండోది, పాడైనదైనా సరే ఆ రిమోట్‌ను పారేయవద్దు. రేపు కారు దొంగల పాలైతే బీమావాళ్లు రెండు తాళాలూ అడుగుతారు. ఒకటి లేదంటే ఏమైందని ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తారు. పోయిన తాళమైతే ఆరోజే పోలీసు ఫిర్యాదు చేసి కాగితం దాచుకోవాలి.

మియాపూర్_మూర్తి · 9:35
మంచి మాట చెప్పారు, పారేయబోతున్నాను. షోరూముకు ఫోను చేస్తే కొత్త రిమోట్, దాన్ని కారుకు నేర్పించడం కలిపి 14 వేలు చెప్పారు. వారం పడుతుందట.

తాళాల_తాత · 9:50
ఇంకో తాళం చేయించేముందు దాన్ని బతికించి చూడండి. సగం మంది ఐదొందల పనికి పదివేలు పెడతారు.

కొత్తపేట_కోటి · 9:52
బియ్యం అంటే మళ్లీ తిడతారు.

సర్క్యూట్_సుధ · 10:10
తిట్టను, వద్దంటాను. బియ్యం నీటిని పీల్చడం కన్నా గాలి, ఫ్యాను ఎక్కువ పీలుస్తాయి. పైగా బియ్యం పొడి కాంటాక్టుల్లో చేరుతుంది. పలకను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తటి బ్రష్షుతో కడిగి ఒక రోజు గాలికి ఆరబెట్టండి. చేతులకు రాసుకునే జెల్ వద్దు, జిగురు మిగులుతుంది. మీది నది నీరు కనుక ఆశ ఉంది. సూర్యలంకలోనో రుషికొండలోనో సముద్రంలో మునిగి ఉంటే ఉప్పు ఈపాటికి రాగి గీతలను తినడం మొదలుపెట్టేది.

పాత సెల్లు మళ్లీ వేయవద్దు. దాని మీద ఉన్న అంకె చూసి అదే తెచ్చుకోండి. 2032 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం. 2025 కూడా అంతే వెడల్పు, మందం 2.5. దుకాణంలో రెండూ ఒకటే అని ఇస్తారు, నాలుగు రోజులు పని చేసి వదులై ఆగిపోతుంది. ఇంకోటి, పిల్లలు మింగకుండా చేదు పూత పూసిన సెల్లులు వస్తున్నాయి. మంచిదే, కానీ కొన్ని రిమోట్‌లలో ఆ పూత అడ్డుపడి కరెంటు అందదు. కొత్త సెల్లు వేసినా పలకకపోతే అంచు మీది పూతను పొడి గుడ్డతో తుడిచి చూడండి.

మియాపూర్_మూర్తి · మూడో రోజు సాయంత్రం 6:15
కడిగి, ఆరబెట్టి, 2032 వేశాను. పలికింది! అటు అయిదు, ఇటు అయిదు, పదిసార్లు తలుపులు వేసి తీశాను. కింద వాచ్‌మన్ ఏమైందని అడిగాడు. 14 వేలు మిగిలాయి.

రెండో రిమోట్ సంగతి కూడా చెప్పాలి. బీరువా తెరిచి తీస్తే దానిలో సెల్లు 2019లో కారుతో వచ్చిందే, చచ్చి ఎన్నాళ్లయిందో తెలియదు. మా బావమరిది దాన్ని పట్టుకుని మన్ననూరు వచ్చినా అక్కడ ఇద్దరం కలిసి నొక్కుతూ ఉండేవాళ్లం.

లక్కీసెల్లు · 6:18
ఆయనకు బీరువా తాళమే దొరకలేదన్నారు కదా, చివరికి ఎక్కడ దొరికింది?

మియాపూర్_మూర్తి · 6:24
కారు డ్యాష్‌బోర్డు అరలో.

పాత800 · 6:25
ఆ బీరువా ఏ మోడల్?